ఫుల్లర్ గారింటి వాకబు

మనవాళ్ళు సంబంధం చూసేటప్పుడు పిల్లవాడికంటే ముందు ఇంటిపేరును చూస్తారు. అది చెవిన పడగానే ఏ ఊరు, ఎవరి తాలూకు, వాళ్ళింటికి ఎవరిని ఇచ్చారు అంటూ నాలుగు ఫోన్లు తిరుగుతాయి. దాన్నే వాకబు అంటారు. చాలా మర్యాద గల మాట అది. అసలు అడగాలనుకున్న ప్రశ్న ఒక్కటే ఉంటుంది. దాన్ని అడగకుండా మిగతావన్నీ అడిగి జవాబు రాబట్టడమే అందులోని నేర్పు.

సీతారామారావు గారికి ఆ నేర్పు బాగా ఉంది. ఆయనది ఒక బ్యాంకులో రిస్కు విభాగంలో పెద్ద ఉద్యోగం. ఏ కాగితం చేతికొచ్చినా ఇందులో ఏం దాచారు అని చూడటమే ఆయన వృత్తి. సింగపూరులో యూ టీ అనే పేటలో పదకొండో అంతస్తులో ఫ్లాటు, భార్య అరుంధతి గారు, ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసే కూతురు కీర్తిక. ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున ఆయన నాకు ఫోన్ చేశారు.

“ప్రసాదూ, మా కీర్తిక ఎవరో ఫుల్లర్ అనే కుర్రాణ్ణి చేసుకుంటానంటోంది. డానియల్ ఫుల్లర్. ఇక్కడి యురేషియన్ వాళ్ళట, ఎప్పుడో తెల్లోళ్ళ రక్తం కలిసినోళ్ళు. స్కూల్లో లెక్కలు చెబుతాడట.”

“తెలుసండీ. చూశాను. మంచి కుర్రాడు.”

“మంచోడో కాదో తర్వాత సంగతి. ముందు ఆ ఇంటిపేరు సంగతి కనుక్కో. ఫుల్లర్ అంటే ఏంటి, ఎక్కడోళ్ళు, ఏం చేసేవోళ్ళు. ఇంగ్లీషువాళ్ళకి గోత్రాలు లేకపోయినా మూలం అంటూ ఒకటి ఉంటది గదా. నువ్వు పుస్తకాల మనిషివి, నీకైతే తెలుస్తది. మూలం మంచిదైతే నేను అడ్డం చెప్పను. కాకపోతే ఆ పెళ్ళికి నేను రాను. దానికీ అదే చెప్పా.”

సరేనన్నాను. మొగుడూ పెళ్ళాల మధ్యలోకి దూరినా బయటపడొచ్చు గాని, తండ్రీ కూతుళ్ళ మధ్యలోకి దూరితే కష్టం. ఆ సంగతి తెలిసి కూడా సరేనన్నాను, ఎందుకంటే ఆయన అడిగితే కాదనడం నాకు అలవాటు లేదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నా పేరు తాళ్ళూరి కృష్ణప్రసాద్. మాది ఒంగోలు వైపు. మేం రజకులం. మా తాత ఊరి బట్టలు ఉతికాడు. మా నాన్న చదువుకుని గుమాస్తా అయ్యాడు. నేను ఇంజినీరింగు చదివి ఈ దేశం వచ్చి, జురాంగ్ ఈస్ట్‌లో క్రేన్లు అమ్మే కంపెనీలో మాన్యువళ్ళు రాస్తున్నాను. ఏ బోల్టు ముందు విప్పాలి, ఏది తర్వాత విప్పాలి అన్నదే నా సాహిత్యం. అందులో ఉద్రేకాలకు చోటుండదు.

వచ్చిన కొత్తలో ఒక ఉగాది సభలో, పులిహోర వరసలో సీతారామారావు గారు పరిచయమయ్యారు. ఇంటిపేరు అడిగారు. చెప్పాను. “తాళ్ళూరి వారా, మా మేనత్తని తాళ్ళూరి వారికే ఇచ్చాం, మీరు మావాళ్ళే” అన్నారు. ఊరిపేరే ఇంటిపేరు అయినప్పుడు ఆ ఊళ్ళో ఉన్న ఏ కులానికైనా అదే ఇంటిపేరు ఉండొచ్చు. ఆ మాట ఆయనకూ తెలిసే ఉంటుంది, కానీ ఇంజినీరు, సింగపూరు, ఇస్త్రీ చొక్కా చూసి ఆయనకు తోచలేదు. నేను “అవునాండీ” అన్నాను. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఆయన కులం పేరు ఇక్కడ అనవసరం. ఆ మేనత్తగారి అత్తవారిల్లు ఏదో మాత్రం నాకు అప్పటికప్పుడే తెలుసు.

ఆ తర్వాతి ఆదివారం భోజనానికి పిలిచారు. ఆ పిలుపు ఇరవై రెండేళ్ళు సాగింది. వుడ్‌ల్యాండ్స్‌లో రైలెక్కితే యూ టీ మూడో స్టేషను. ప్రతి ఆదివారం నేనూ నా భార్య రజితా వాళ్ళింట్లోనే తిన్నాం. మా అమ్మ పోయిన రోజు తెల్లవారకముందే విమానాశ్రయం దాకా వచ్చి, నా చేతిలో పెరుగన్నం పొట్లం పెట్టి, తినేదాకా కదలనిచ్చినవాడు కాదు ఆయన. అంత స్నేహాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. భయం కూడా. ఆ రెండూ కలిసి నా నోరు మూయించాయి.

ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్ళి ఇంటిపేర్ల నిఘంటువు తీశాను. ఎంతోసేపు వెతకాల్సిన పని లేకపోయింది. కొత్తగా నేసిన ఉన్నిబట్ట జిడ్డుగా, వదులుగా ఉంటుందట. దాన్ని తొట్టెలో వేసి, మట్టీ పులిసిన మూత్రమూ పోసి, గంటల తరబడి కాళ్ళతో తొక్కితే జిడ్డు వదిలి, నేత దగ్గరపడి గట్టిపడుతుంది. ఆ తొక్కేవాడు ఫుల్లర్. ఇంగ్లండు ఆగ్నేయ మూల ఫుల్లర్ అన్నవాణ్ణే నైరుతి మూల టకర్ అన్నారు, ఉత్తరాన వాకర్ అన్నారు. ఏడువందల ఏళ్ళ కిందట ఆ పనిపేర్లే వంశాలకు అంటుకుపోయాయి. తర్వాత్తర్వాత నీటిమరలు వచ్చాయి, కాళ్ళతో పని లేకుండా పోయింది, కొడుకులు వేరే పనులు చూసుకున్నారు. పేరు మాత్రం ఉండిపోయింది.

పుస్తకం మూశాను. మళ్ళీ తెరిచి ఇంకోసారి చదివాను. మొదట నవ్వు వచ్చింది, ఆ తర్వాత నీరసం వచ్చింది. మా తాత చవుడు మట్టిలో బట్టలు నానబెట్టి, ఆవిరి ఉబ్బకు పెట్టి, పొద్దు పొడిచేసరికి రేవులో ఉండేవాడు. ఏ బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో మూల మీద చుక్కలు పెట్టేవాడు. ఆ చుక్కలు ఎన్ని ఉతుకులకూ పోయేవి కావు. నిఘంటువు రాసినాయనకు మా తాత తెలియకపోయినా, మా తాత కాళ్ళ పగుళ్ళు తెలిసినట్టే రాశాడు. తేడా ఒక్కటే. అక్కడ పని పోయాక పేరు మిగిలింది గాని, దాన్ని పట్టుకుని ఎవరూ ఎవర్నీ తక్కువగా చూడరు. మాకు పని పోయింది, పేరులో దాని ఆనవాలే లేదు, అయినా తక్కువ మాత్రం పోలేదు.

మర్నాడు కీర్తిక నన్ను భోజనానికి పిలిచింది. తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి, నలుగురు కూర్చునే చోటును ముగ్గురికి చోప్ చేసి, అంటే ఇక్కడి పద్ధతిలో పట్టి, ఉంచింది. డానియల్ మూడు పళ్ళేలు ఒక్కడే మోసుకొచ్చాడు. పొడుగ్గా, చామనఛాయగా ఉంటాడు. తెలుగులో అతనికి వచ్చినవి రెండే మాటలు, బాగున్నారా, చాలు.

“అంకుల్, డాడ్ చాలా సీరియస్‌గా ఉన్నారు. మీరేం చెప్తే అదే ఫైనల్ అంటున్నారు. నైస్‌గా చెప్పండి లా,” అంది కీర్తిక సింగపూరు యాసలో.

“నా పేరుకి అర్థం కూడా ఉందా?” అని డానియల్ ఇంగ్లీషులో అడిగాడు. “ఎప్పుడూ ఆలోచించలేదు అంకుల్.”

చెప్పాను. తొట్టె, మట్టి, మూత్రం, కాళ్ళు, అన్నీ వరసగా, మాన్యువల్లో రాసినట్టే చెప్పాను. అతను చెంచా కింద పెట్టి పక్కబల్ల వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు.

“సో మై గ్రేట్ గ్రేట్ గ్రాండ్‌ఫాదర్ ఉచ్చ తొక్కేవాడన్నమాట,” అని ఇంగ్లీషులోనే అని, అప్పటికప్పుడే ఫోన్ తీసి వాళ్ళ నాన్నకు మెసేజ్ పెట్టాడు. రెండు నిమిషాల్లో అటునుంచి మూడు నవ్వు బొమ్మలు వచ్చాయి. నాన్నకు ఈ సంగతి ఇంతకాలం ఎవరూ చెప్పలేదట, క్రిస్మస్‌కి అందరికీ చెప్పుకుంటారట.

నాకు అసూయ వేసింది. ఆ పేరు అతని గుర్తింపు కార్డు మీద ఉంది, బ్యాంకు కార్డు మీద ఉంది, స్కూల్లో పిల్లలు రోజుకు వందసార్లు ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ పేరు అర్థం ఇది అని చెబితే అతను నవ్వి, తండ్రికి చెప్పి, నూడిల్స్ తిన్నాడు. యాభై మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా అలా నవ్వలేదు.

కీర్తిక మాత్రం నవ్వలేదు. వాళ్ళ నాన్న ఆ పిల్లకు బాగా తెలుసు. “అంకుల్, డాడ్‌కి ఇది చెప్తే ఫినిష్,” అంది నెమ్మదిగా, తెలుగులో. “డాడ్ రాకపోయినా నేను చేసుకుంటాను. బట్ ఐ వాంట్ హిమ్ దేర్. ఆయన లేకుండా ఎలా అంకుల్?”

ఏదో ఒకటి చూద్దాంలే అన్నాను. అబద్ధం చెప్పడం సులువే. వస్త్ర పరిశ్రమ అంటే సరిపోతుంది, అది అబద్ధం కూడా కాదు. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పనే అది. రైల్లో నిలబడి అదే నిర్ణయించుకున్నాను, ఇల్లు చేరేసరికి మనసు మారిపోయింది.

రజితది ఖమ్మం వైపు. మాట తక్కువ, అన్నదంటే అడుగంటా అంటుంది. నేను చెప్పిందంతా బట్టలు మడతపెడుతూ విన్నది.

“బట్టల వ్యాపారం అని చెప్పరాదు,” అంది. “ఆ పిల్ల పెళ్ళి అయితది, నీ ఆదివారం నీకుంటది.”

“చెప్పొచ్చు.”

“మరింకేంది?”

“డానియల్ నవ్వాడు రజితా.”

ఆమెకు అర్థమైంది. చేతిలో చొక్కా పక్కన పెట్టింది. “వాళ్ళింటికి పోయిన ప్రతిసారీ నాకు పరీక్ష రాసినట్టే ఉంటది. పుట్టింటి సంగతులు ఏం అడుగుతరోనని భయం. ఆ అక్క మంచిదే, అయినా భయమే. నీకు వాళ్ళంటే ప్రాణమని ఇన్నేళ్ళు నేనేం అనలే. చెప్తే చెప్పు. చెప్పినంక మళ్ళీ ఆ ఇల్లు ఉండదు అనుకొనే చెప్పు.”

ఆదివారం ఎప్పటిలాగే పన్నెండింటికి వెళ్ళాం. అరుంధతి గారు గుత్తివంకాయ చేశారు, నాకు ఇష్టమని. కీర్తిక డ్యూటీలో ఉంది. చారుతో అన్నం కలుపుకుంటుండగానే సీతారామారావు గారు అడిగారు.

“ఏంది ప్రసాదూ, ఏం తేలింది?”

తేలిందంతా చెప్పాను. ఏదీ వదల్లేదు. ఆ రోజుల్లో ఇంగ్లండు సంపద సగం ఉన్నిబట్టలోనే ఉండేదనీ, ఈ పనివాళ్ళకు సంఘాలుండేవనీ, కొన్ని ఊళ్ళలో వాటికి రాజుగారి పత్రాలు కూడా ఉండేవనీ అదీ చెప్పాను. ఆయన చారు దగ్గరే ఆగిపోయారు.

“ఆ మట్టి ఏ మట్టండీ?” అని అరుంధతి గారు అడిగారు.

“మీరు మొహానికి రాసుకునే ముల్తానీ మట్టి ఉంది కదండీ, అదే రకం. ఇంగ్లీషులో దాని పేరే ఫుల్లర్స్ ఎర్త్.”

ఆవిడ చెయ్యి తెలియకుండానే చెంప మీదికి వెళ్ళింది. ఆయన మాత్రం నన్నే చూస్తున్నారు.

“అంటే చాకలోళ్ళు,” అన్నారు.

“ఏడువందల ఏళ్ళ కిందటండీ.”

“ఎన్నేళ్ళయితే ఏంది, మూలం మూలమే గదా. రేపు మా అన్నదమ్ములు అడిగితే ఏం చెప్పను? పిల్లని చాకలోళ్ళకిచ్చానని చెప్పనా? నా మొహాన ఉమ్మేస్తారు.”

ఆ దేశంలో ఎప్పుడో చచ్చి మట్టిలో కలిసిన దాన్ని మేమిద్దరం యూ టీలో పదకొండో అంతస్తులో లేపి కూర్చోబెట్టాం. లేపిన చేతుల్లో నావీ ఉన్నాయి. రజిత తలెత్తలేదు, కానీ తినడం ఆపింది.

“అన్నగారూ, మేమూ చాకలివాళ్ళమే,” అన్నాను.

ఆయన ముందు నవ్వారు. కీర్తిక కోసం ఏదో సర్దిచెబుతున్నాననుకున్నారు. “ఊరుకో ప్రసాదూ. మీరు తాళ్ళూరి వారు. మా మేనత్త...”

“తాళ్ళూరు ఊరి పేరండీ. మీ మేనత్తగారి అత్తవారిదీ ఆ ఊరే, మాదీ ఆ ఊరే. వాళ్ళింటి బట్టలు మా తాతే ఉతికేవాడు. వాళ్ళ గుర్తు మూడు చుక్కలు.”

కింద ఆటస్థలంలో పిల్లల కేకలు అంత ఎత్తుకు ఎంత స్పష్టంగా వినిపిస్తాయో ఆ రోజే గమనించాను. ఆయన చేతి వేళ్ళకు చారు ఎండిపోతోంది. రిస్కు విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఎదురుగా కూర్చున్న కాగితంలో దాగున్న దాన్ని ఇరవై రెండేళ్ళు చూడలేదని ఆయనకు ఇప్పుడు తెలిసింది. ఆ మొహంలో కోపం కంటే అదే ఎక్కువ కనిపించింది.

“ఇన్నేళ్ళు చెప్పలేదేం?”

“మీరు ఇంటిపేరు అడిగారు, చెప్పాను. మిగతాది చెప్పడానికి నాకు ధైర్యం లేకపోయింది. తప్పు నాదే.”

ఆయన లేచి చెయ్యి కడుక్కుని వచ్చారు. తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నారు. “సరే. అయిందేదో అయింది. ఇది మనలోనే ఉండనివ్వండి, ప్రసాద్ గారూ,” అన్నారు.

తెలుగులో మనిషిని దూరంగా జరపాలంటే తిట్టక్కర్లేదు, గారు తగిలిస్తే చాలు. ప్రతి ఆదివారంలాగే రజిత కంచాలు తీయబోయింది. “ఉంచండి, నేను తీసుకుంటా,” అన్నారు అరుంధతి గారు. అంతకుముందు ఆవిడ ఎప్పుడూ రజితను మీరు అనలేదు.

తర్వాతి ఆదివారం ఫోన్ రాలేదు. ఆ పై ఆదివారం, ఇంటికి చుట్టాలొస్తున్నారని మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత అదీ లేదు. మేం ఇంట్లోనే వండుకున్నాం. రజిత బరువు దిగినట్టే ఉంది, నాకు మాత్రం మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కాళ్ళు స్టేషను వైపు లాగేవి. పిచ్చి గాని, ఆయన మీద బెంగ పెట్టుకున్నాను.

ఏప్రిల్ చివర కీర్తిక ఫోన్ చేసింది. గొంతులో సంతోషం పొంగుతోంది. “అంకుల్, డాడ్ ఓకే అన్నారు. ఫుల్లర్ అంటే గిల్డ్ ఉండేదట, కింగ్ చార్టర్ ఇచ్చాడట, ఆయన ఫుల్ రీసెర్చ్ చేశారు. డానియల్ పేరెంట్స్‌ని డిన్నర్‌కి పిలిచి వాళ్ళకే లెక్చర్ ఇచ్చారు లా. మీరెందుకు సండేస్ రావట్లేదు?”

“పని ఎక్కువగా ఉందమ్మా,” అన్నాను. “సంతోషం.”

సంతోషమే. ఆ పిల్ల కోరింది దక్కింది, నేను చెప్పిన దాంట్లోంచే దక్కింది. కానీ ఫోన్ పెట్టేశాక నాకు కోపం వచ్చింది. రిస్కు విభాగం దారి కనిపెట్టింది. ఇంగ్లీషు చాకలికి చరిత్ర ఉంటుంది, తెలుగు చాకలికి కులం ఉంటుంది. మొదటివాడికి పిల్లనివ్వొచ్చు, రెండోవాడికి గుత్తివంకాయ పెట్టకూడదు. ఈ ముక్క ఆయన మొహం మీదే అనాలని చాలాసార్లు అనుకున్నాను. అనలేదు.

పెళ్ళి కార్డు వాట్సాప్‌లో వచ్చింది, అందరికీ పంపినదే. వెళ్ళొద్దనుకున్నాను. రజితే బయల్దేరదీసింది. “ఆ పిల్ల మన చేతుల మీద పెరిగింది. వాళ్ళ కోసం కాదు, దాని కోసం పోదాం,” అంది.

జూన్‌లో ఒక ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం. గుడి పక్కన అద్దెకు తీసుకున్న హాలు. మేం వెళ్ళేసరికి ఎదురుకోలుకు సిద్ధమవుతున్నారు. హాలు గుమ్మం దగ్గర ఆడపెళ్ళివారు పన్నీరు బుడ్డి, గంధం గిన్నె, పానకం గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డారు. పది అడుగుల అవతల, కార్లు ఆగేచోట మగపెళ్ళివారు. పన్నెండు మంది ఉంటారు. డానియల్ పట్టుపంచెలో ఉన్నాడు, జారకుండా బెల్టు పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న ఆ ఎండలో సూటు వేసుకుని, ఎప్పుడు నడవాలో, ఎక్కడ ఆగాలో తెలియక అందరి మొహాలూ చూస్తున్నాడు. నేనూ రజితా ఆడపెళ్ళివారి వెనక వరసలో నిలబడ్డాం.

మా ముందు సీతారామారావు గారు, చుట్టూ బ్యాంకు స్నేహితులు. ఆయన మంచి హుషారులో ఉన్నారు.

“ఫుల్లర్ అంటే అల్లాటప్పా పేరు కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండు సంపద సగం ఉన్నిబట్టలోనే ఉండేది. ఆ బట్టని గట్టిపరిచే పని వీళ్ళ చేతుల్లో. సంఘాలుండేవి, కొన్ని ఊళ్ళలో రాజుగారి పత్రాలు. ఏడువందల ఏళ్ళ వంశం,” అంటున్నారు. అవి నా వాక్యాలు. వరస కూడా నాదే, మట్టీ మూత్రమూ తీసేశారంతే.

“ఇవన్నీ మీకెట్లా తెలుసు సార్?” అని ఒకాయన అడిగాడు.

“ఎక్కడో చదివా,” అన్నారు. అంటూ వెనక్కి తిరిగారు, నన్ను చూశారు. చూసి మళ్ళీ అటు తిరిగి, “ఎక్కడో చదివాలెండి,” అని ఇంకోసారి అన్నారు.

చాకలోళ్ళు అన్నప్పుడు నాకు ఇంత నొప్పి కలగలేదు. అది ఆయన పుట్టకముందునుంచీ ఉన్న మాట, ఆయన నోట్లోంచి వచ్చిందంతే. ఇది ఆయన సొంతంగా చేసింది. ఇరవై రెండేళ్ళ మనిషిని నలుగురి ఎదుట, చూస్తూ చూస్తూ, లేకుండా చేశారు.

పంతులుగారు గొంతు సవరించుకున్నారు. “మగపెళ్ళివారిలో పెద్దవారు ముందుకు రావాలండీ. మన పద్ధతి తెలిసినవారు ఒకరుంటే మంచిది.”

ఫుల్లర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డానియల్ వాళ్ళ నాన్న ఒక అడుగు ముందుకు వేసి, తప్పేమోనని వెనక్కి వేశాడు.

“వస్తావా?” అన్నాను రజితతో. ఎక్కడికి అని ఆమె అడగలేదు. చీర చెంగు సర్దుకుని నా వెంట నడిచింది. ఆడపెళ్ళివారి మధ్యలోంచి బయటకు వచ్చి, ఆ పది అడుగులు దాటి, వెళ్ళి ఫుల్లర్ గారి పక్కన నిలబడ్డాం.

“అంకుల్, మీరు మా వైపా?” అని డానియల్ ఆశ్చర్యంగా అడిగాడు.

“మీ వాళ్ళ పనీ మా వాళ్ళ పనీ ఒకటే. మా తాత కూడా బట్టలు ఉతికినవాడే,” అని ఇంగ్లీషులో చెప్పాను. దాపరికం లేకుండా, అందరికీ వినిపించేలాగే చెప్పాను. డానియల్ వాళ్ళ నాన్న నా చెయ్యి పట్టుకుని ఊపాడు. తనకు తోడొకరు దొరికారన్న సంతోషం ఆయనది. అవతలి వరసలో కొందరికి మాత్రం సంగతి పూర్తిగా అర్థమైంది, అది వాళ్ళ మొహాల్లోనే తెలిసింది.

సీతారామారావు గారు పానకం పళ్ళెంతో మా ముందుకు వచ్చారు. గొంతు తగ్గించి, “ప్రసాద్ గారూ, మీరు మా వైపు గదా. ఇదేం పని?” అన్నారు.

“మీరే వాకబు చేయించారు. నేను చేశాను. అందులో తేలింది ఇదే.”

“ఇంతమందిలోనా?”

పంతులుగారు చేతి గడియారం చూసుకుని, “టైమవుతోంది, పానకం అందించండి,” అన్నారు. ఆయనకు ఈ సంగతులేవీ పట్టలేదు, ఆయన తొందర ఆయనది.

సీతారామారావు గారు గ్లాసు తీసి నాకు అందించారు. అందుకుని తాగాను. మగపెళ్ళివారు పానకానికి వంక పెట్టడం మర్యాద. పెట్టకపోతే ఆడపెళ్ళివారే నొచ్చుకుంటారు. అందుకని, “తీపి తక్కువైంది, బావగారూ,” అన్నాను. ఎవరో నవ్వారు. ఆ నవ్వు చూసి, అది నవ్వాల్సిన చోటని గ్రహించి, ఫుల్లర్లందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

“బెల్లం వేయిస్తానండీ,” అన్నారు.

అరుంధతి గారు రజితకు గంధం రాసి బొట్టు పెట్టారు. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకోలేదు. “ఇక మగపెళ్ళివారి పెద్దని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురండి,” అన్నారు పంతులుగారు.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. మేళం మోగుతుండగా, ఏడువందల ఏళ్ళ వంశం మా వెనక నడుస్తుండగా, నన్ను గుమ్మం దాటించి పీటల దాకా నడిపించారు. అక్కడికి చేరాక వదిలేస్తారనీ, ఇక ఎప్పటికీ పట్టుకోరనీ నాకు తెలుసు. బాధ వేసింది, ఏడుపు కూడా వచ్చింది. అయినా ఆ చేతిని నేను ముందు వదల్లేదు. ఇన్నేళ్ళూ ఆయన ఇంటి గుమ్మం దాటి వెళ్ళినవాడు ఆయన మేనత్తగారి తాలూకు ఎవరో. ఈరోజు వెళ్ళింది నేను.